పులిసిన పిండి

అరండల్‌పేట, రాత్రి పదిన్నర.
సైదులు బండికాడ జనం మూగారు.
ఇథియోపియా పిల్ల మిరపకాయ బజ్జీ తింటదంట,
ఏడిస్తే చూద్దామని.

రెండు తింది. ముక్కైనా ఎగబీల్చలా.
"ఇంకోటి" అంది, తెలుగులోనే.
సైదులు మొహం చల్లారిన మూకుడు.

పక్కనే నా బండి.
నిన్నటి పిండి, కాస్త ఎక్కువే పులిసింది,
పారబొయ్య మనసొప్పక అట్టేశా.
చుయ్యిమంది. నిండా చిల్లులు లేచినయ్.
ఆ పిల్ల ఉన్నచోటే ఆగిపోయింది,
కళ్ళనిండా నీళ్ళు.

"ఇప్పుడెక్కింది కారం!" చప్పట్లు కొట్టారు.
ఎవరో బెల్లంముక్క తెచ్చారు.
తను తల అడ్డంగా ఊపి
వంగి, ఆవిరి పీల్చింది.
"మా ఊరు" అంది, పెనం చూపించి.

చట్నీ వెయ్యబోతే వద్దంది.
ఉత్త అట్టే,
చేత్తో చుట్టుకుని, నిలబడే తింది.

డబ్బులు తీసుకున్నా.
పిండి మాత్రం, ఆ రోజునించీ
ఓ గిన్నెడు విడిగా పులవనిస్తున్నా.