మూత

పేరే గురువులు.
ఇరవై రెండేళ్ళు, చెవి మీద బీడీ,
పొట్టులో పాదాలు కనిపించవు.
నాకు యాభై ఒకటి.
మొదటిరోజు నా చేతిలో ఉలి పెట్టి
"గట్టిగా పట్టుకోకు మావా,
అదేటి పారిపోదు" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళు జూటు మిల్లులో
గట్టిగా పట్టుకోవడమే నేర్చుకున్నాను.
తెగిన పోగు, జారే బాబిను,
జీతం రోజున జేబు.
నెల్లిమర్లలో అందరం ఏదో ఒకటి పట్టుకునే
చంపావతి గట్టు మీద ఇళ్ళకి నడిచాం.

అంకుడు కర్ర కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంటుంది.
మోటారు వేస్తే ఆ నలుచదరం కాస్తా
పొగలాంటి గుండ్రన.
మూలలున్నాయి, కనిపించవు.
ఉలి ఆనిస్తే టకటకా మోచేతి దాకా చెబుతాయి.
"కొట్టనీ. మూలలు అరిగాకే
అది నీ మాట ఇంటాది."

మొదటి ముక్క ఎగిరి పైరేకుకి తగిలింది.
రెండోది నా చెవి పక్కనుంచి పోయి
బయట టీ తాగుతున్న సూరప్పడి ముందు పడింది.
అటూ ఇటూ తిప్పి చూసి
"ఇదేటి, బొంగరమా?" అన్నాడు.
కుంకుమ భరిణ అడుగు అని
చెప్పలేదు నేను.
మూడోది నిలిచింది.
నిలిచిందని మురిసి ఇంకాస్త నొక్కితే
నడుము దగ్గర టుక్కుమంది.

పొట్టు మాత్రం బాగా వచ్చేది.
రిబ్బన్లు రిబ్బన్లుగా, కనుబొమల నిండా.
పారమ్మ నా తల దులుపుతూ
"నిన్నటిదాకా పీచు, ఇప్పుడు పొట్టు.
ఒంటికి ఏదో ఒకటి అంటుకోకపోతే
నీకు తోచదేటి?" అంది.

మా వీధిలో ఒక మాట ఎవరూ ఎత్తరు.
"గేటు" అంటారు, "ఆ సంగతి" అంటారు,
"అదయినప్పట్నుంచీ" అంటారు.
షెడ్డులో గురువులు మాత్రం
రోజుకి యాభైసార్లు అంటాడు.
మూత. మూత తే. మూత ఏదీ.

గిన్నె తొలవడం కంటే,
పైన మొగ్గ తిప్పడం కంటే
మూత అంచు కష్టం.
వెంట్రుకవాసి ఉంచితే ఎక్కదు,
వెంట్రుకవాసి తీస్తే
ముసలాయన పళ్ళసెట్టులా కదులుతుంది.
కొలబద్ద ఇమ్మన్నాను.
"బద్ద సెప్పదు మావా. సెవి పెట్టు."
సరిగ్గా పడితే లోపలి గాలి
నిద్రలో పాప పెదవి విడిచినట్టు
ప్ అంటుందంట.

పదిహేడు మూతలు పొయ్యిలోకి పోయాయి.
వాటితో వండిన అన్నం బాగానే ఉంది.

పద్దెనిమిదోది
ఎవరూ లేని మధ్యాహ్నం, కరెంటు పోబోయే ముందు
ప్ అంది.
మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను.
చక్రం ఆగాక కూడా
పిచ్చోడిలా తీస్తూ పెడుతూ కూర్చున్నాను.
మర్నాడు ఎర్ర లక్క ఆనించి
మొగలాకు మడిచి అదిమితే
సాగిపోయిన నా మొహం అందులో తిరిగింది.

పారమ్మ కుంకుమ వేసుకుంటుందనుకున్నాను.
మేకుకి వేలాడే నా ఇత్తడి టోకెను,
పధ్నాలుగు వందల ఆరు,
తీసి అందులో వేసింది. ఎందుకని అడగలేదు.

వానలు పడ్డాయి. కర్ర ఉబ్బింది. మూత రాదు.
గుడ్డ చుట్టి చూశాను, పంటితో చూశాను.
గురువులు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.
"లోపలేటుంది?"
"ఏం లేదు."
"లేనిది సప్పుడు సేస్తాదేటి?"
నవ్వి, ఎండలు కాసేదాకా ఆగమన్నాడు.

ఈలోగా సిరిమాను పండక్కి
రెండు వందల బొంగరాలు ఒప్పుకున్నాడు.
బొంగరానికి మూతుండదు, బతికాను.
రేపు ఆరింటికి రమ్మన్నాడు.

ఆరింటికే.
ఏ కూతా వినకుండా
ఐదింటికి కళ్ళు తెరవడం
ఇంకా చేతకాలేదు నాకు.