దారి హక్కు

సోమ, బుధ లా క్లాసు. మంగళ, గురు అనలిటిక్స్.
శుక్రవారం నించి ఆదివారం దాకా
అమరావతి రోడ్డులో రెండో అంతస్తు.
కింద మిరపకాయల కమీషన్ కొట్టు,
పైన మా వెంచర్ ఆఫీసు.
తుమ్ముతూ ఇంటర్న్‌షిప్ చేశాను.
నాలుగు క్రెడిట్లు, నెలకి ఐదు వేలు,
పెట్రోలు నాదే.

నా పని ఎక్సెల్ షీటు శుభ్రం చెయ్యడం.
నాలుగొందల ఇరవై ఆరు ప్లాట్లు,
ఒక్కోదానికి పద్దెనిమిది గళ్ళు:
ఎన్ని గజాలు, ఏ ఫేసింగు,
రింగు రోడ్డుకి ఎన్ని కిలోమీటర్లు,
వీధిపోటుందా, కార్నరు బిట్టా,
గజం నిరుడెంత, ఈ ఏడెంత.
ఖాళీ గడి కనిపిస్తే సగటుతో నింపమన్నారు.
సగటు చాలా మర్యాదస్తురాలు,
ఎవరింటికి పిలిచినా వచ్చి కూర్చుంటుంది.

ముప్పై ఒకటో నంబరు ఒక్కటే లొంగలేదు.
తూర్పు ఫేసింగు, రెండొందల గజాలు,
చుట్టూ ఉన్నవన్నీ పధ్నాలుగు వేలు పలుకుతుంటే
ఇది మూడుసార్లు బేరానికొచ్చి
మూడుసార్లు అడ్వాన్సు వాపసు.
"అవుట్‌లయర్ అమ్మా, తీసెయ్" అన్నారు చలమయ్యగారు,
ఫోన్లోంచి తలెత్తకుండా.
క్లాసులో మా సారూ అదే చెప్పాడు,
కాకపోతే తీసే ముందు ఒకసారి చూడమన్నాడు.
చూడమన్నది గ్రాఫునే అనుకుంటా.
నేను స్కూటీ తీశాను.

పేరేచర్ల దాటాక, క్వారీ దుమ్ములో,
మేం పాతిన తెల్ల రాళ్ళు.
ముప్పై ఒకటి మధ్యలోంచి
ఒక కాలిబాట.
మా డ్రాయింగులో లేదు.
గడ్డి మొలవని మూరెడు వెడల్పు,
కొలిచి వేసినట్టు కాదు, అలవాటైనట్టు వంపు తిరిగి
కాలవ అవతలి పేటకి.

దీనమ్మ ఆ దారినే వస్తోంది
నెత్తిన మేత మోపుతో.
"ఎన్నేళ్ళ నించి నడుస్తున్నారు?" అన్నాను,
సర్వే ఫారం గొంతుతో.
ఆమె ఏళ్ళు చెప్పలేదు.
"మా నడిపోడప్పుడు నొప్పులొస్తే
ఈ దార్నే నడిపించుకుపోయారు.
ఇదుగో, ఈడ కూలబడ్డా.
వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు."
ఆ చోట నేను టేపు పట్టలేదు.

బుధవారం ఝాన్సీ మేడం బోర్డు మీద రాసింది:
ఇరవై ఏళ్ళు, బాహాటంగా, గొడవ లేకుండా, అడ్డు లేకుండా
నడిచిన నడక హక్కవుతుంది.
"మధ్యలో ఎవరన్నా కంచె వేస్తేనో మేడం?"
వెనక బెంచీ నించి ఉదయ భాస్కర్.
"వేశారని తెలిసి కూడా ఏడాది ఊరుకుంటేనే
అది అడ్డు.
ఊరుకోకపోతే కాదు."
పరీక్షకొస్తుందని అందరూ గీత గీసుకున్నారు.
నేనూ గీసుకున్నాను.

ఆదివారం షీటులో పంతొమ్మిదో గడి కలిపాను.
పేరు: దారి.
నాలుగొందల ఇరవై ఐదు సున్నాలు, ఒక ఒకటి.
చలమయ్యగారు చూసి కోప్పడలేదు,
అందుకే భయమేసింది.
"బానే పట్టావే" అని
సాయంత్రం పునుగులు తెప్పించారు.
శుక్రవారం తెరిస్తే
మళ్ళీ పద్దెనిమిదే గళ్ళు.

నా గురించి గొప్ప చెప్పుకోను.
సర్టిఫికెట్ మీద ఆయన సంతకం కావాలి.
అడగలేదు.
రిపోర్టులో మటుకు రాశాను, నలభై ఒకటో పేజీ,
అడుగున, చిన్న అక్షరాల్లో,
ఎవరూ చదవని చోట.

బ్రాడీపేట జిరాక్సు షాపులో
స్పైరల్ తిప్పుతూ కుర్రాడు,
"ఎన్ని కాపీలక్కా?"
కాలేజీకి, కంపెనీకి, నాకు.
కాసేపాగి నాలుగన్నాను.
దీనమ్మకి చదవడం రాదు.
స్టాంపు పడిందా అని మటుకు అడుగుద్ది.

నేను వెళ్ళేసరికి కంచె.
పచ్చి సిమెంటు స్తంభాలు,
మూడు వరసల ముళ్ళతీగ, మా కంపెనీ బోర్డు.
బాట దగ్గర మాత్రం
నడిమి తీగ కిందికి వంగి ఉంది.
పై తీగకి గోనెపట్టా చుట్టి ఉంది,
గుచ్చుకోకుండా.
దానికి అంటుకుని నాలుగు మేత పరకలు.

రిపోర్టు అవతలికి జారవిడిచి,
చున్నీ కూడదీసుకుని
నేనూ దూరాను.