ముప్పైయేడో నంబరు గౌను

కిసుము ఊళ్ళో, కిబూయె సంత వెనక
నాదొక కుట్టుమిషను కొట్టు.
మామూలు రోజుల్లో స్కూలు యూనిఫాములు, తెగిన జిప్పులు.
డిసెంబరు వస్తే నల్ల గౌన్లు.
నలభై రెండున్నాయి. పట్టా పుచ్చుకునే పిల్లలకు
రోజుకు రెండువందల యాభై షిల్లింగుల అద్దె,
టోపీ కుచ్చు పోగొడితే నూరు అదనం.

పదహారేళ్ళుగా చూస్తున్నాను.
గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడగానే
అందరూ ఒకేలా ఊపిరి బిగబడతారు
సరస్సులోకి దూకబోయేవాళ్ళలా.
తిరిగి తెచ్చినప్పుడు చంకల కింద ఉప్పు చార.
ఉతికేది నేనే కదా, నాకు తెలుసు:
ఏ చదువు చదివినా చెమట వాసన ఒకటే.

ఒబియెరో తిరిగి తేలేదు.
వారం చూశాను. మూడు వారాలు చూశాను.
పుస్తకంలో రాసిన చిరునామా పట్టుకుని
న్యాలెండా సందుల్లోకి నడిచాను,
తిట్లన్నీ దారి పొడవునా వరసగా పేర్చుకుంటూ.

గదిలో ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్వు.
గోడ మీద, ప్లాస్టిక్ తొడుగులో, గణాంకశాస్త్రం పట్టా.
దాని కింద మేకుకి
ఎండుచేపల్లా గుచ్చిన రుణం ఉత్తరాలు.

"గౌనేదిరా?"
"ఒలూచ్ కొట్లో ఉందమ్మా.
మొక్కజొన్న పిండికి తాకట్టు పెట్టాను."

అప్పు తెచ్చి చదివిన చదువు,
అద్దెకు తెచ్చి తొడిగిన గౌను,
అది కాస్తా మళ్ళీ తాకట్టులో.
పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ
దీనికి కొలత సరిపోలేదు.

అడక్కుండానే చెప్పాడు.
నాలుగు లక్షల పదివేలు బాకీ.
జిల్లా ఆఫీసులో రెండు గుమాస్తా ఖాళీలకి
మూడు వేలమంది వచ్చారట.
కుర్చీలు చాలక నేల మీద కూర్చుంటే
పక్కన చతికిలబడ్డ మనిషి
తనకు పాఠం చెప్పిన మేష్టారే.
"నాకా ఉద్యోగం వచ్చే అవకాశం ఎంతో
ముందే లెక్కగట్టాను.
లెక్క సరిగ్గానే వచ్చింది."

పిండి డబ్బులు నేనే కట్టి గౌను విడిపించాను.
బాకీ తీరేదాకా గుండీలు కుట్టమన్నాను.
కుట్టడం రాదు. కాజా ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి.
నాలుగోనాడు కరెంటు పోతే
ఊరికే కూర్చోలేక నా పద్దుల పుస్తకం తిప్పి
తల గోక్కున్నాడు.
"సబ్బు రాయలేదు. ఇస్త్రీ బొగ్గులు రాయలేదు.
ఒక్కో గౌను మీద నలభై షిల్లింగులు
నువ్వే ఎదురిచ్చి పంపుతున్నావమ్మా."

కందకు లేని దురద కత్తికెందుకు అన్నాను.
రాత్రి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.
మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.
పదహారేళ్ళు. ఎంతమంది పట్టభద్రులు
ఈ గల్లాపెట్టె ముందు నుంచి నడిచిపోయారు!
వాళ్ళననేం లాభం,
పుస్తకం ఎవరి చేతికిచ్చాను గనక.

మా అవీనో కాగితాలు తెచ్చింది మొన్న.
మట్టి గురించి చదువుతుందట,
ఏ నేలలో ఏది ఎందుకు పండదో.
హామీదారు సంతకం ఇక్కడ, అని వేలు పెట్టి చూపించింది.

ఒబియెరో వైపు తిరిగాను.
"చదివినవాడివి, నువ్వు చెప్పు. పెట్టనా?"
నోట్లో సూది. చాలాసేపు తీయలేదు.
తీశాక అన్నాడు:
"ఒక్కడి బతుకు చూసి ఏదీ తేల్చకూడదు.
మాకు మొదట నేర్పేది అదే."
తర్వాత అట్టముక్క మీద వడ్డీ వేసి చూపించాడు,
ఏ ఏడు ఎంత, ఒక్క నెల తప్పితే ఎంత.
అవీనో పెన్సిలు లాక్కుని
తనే మళ్ళీ వేసుకుంది. ముఖం పాలిపోయింది.
కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పెట్టాను.
కలం సగంలో ఎండిపోతే
నా పేరు మీదే రెండోసారి గీయాల్సొచ్చింది.

ఈ డిసెంబరు నుంచి గౌను అద్దె మూడువందలు.
పిల్లలు గొణుగుతున్నారు.
ఒబియెరో బల్ల వెనక నిలబడి
సబ్బు ధర వివరంగా చెబుతున్నాడు.

ముప్పైయేడో నంబరు రెండుసార్లు ఉతికాను.
అయినా మడతల్లో ఎక్కడో
పిండి వాసన.