జాజికి గుండు

కొర్లగుంటలో మా ఇంటెనక
గుడ్డలుతికే బండ పక్కన
రెండు జానల మట్టి మిగిలింది.
మిగతాదంతా సిమెంటు.
ఆడ నాటినాను సన్నజాజి.
తిరుచానూరు రోడ్డు నర్సరీలో చెంగల్రాయుడిచ్చిన అంటు,
నల్లకవర్లో, మూడే ఆకులతో.

మొదటి ఏడు అది నన్ను నమ్మలేదు.
రెండో ఏడు నైలాన్ తాడు పట్టుకుంది.
మూడో ఏటికి కిటికీ ఊచ, కేబులువాడి వైరు,
పక్కింటి మునిలక్ష్మి వాళ్ళ ట్యాంకు పైపు,
దొరికిందల్లా పట్టుకుని మిద్దెక్కింది.
ఆకులే ఆకులు.
పూలు లెక్కబెట్టడానికి
ఒక చేతి వేళ్ళు చాలు.

"కొయ్యాలమ్మా" అన్నాడు చెంగల్రాయుడు.
"పుష్యమాసంలో ఒక్క ఆకు మిగలకుండా దూసేసి
మోకాలెత్తుకు కత్తిరించాల.
జాలిపడితే జాజి పూయదు."

నాకా చెప్పేది, కొయ్యమని?

పదకొండేళ్ళుగా కొండమీద కళ్యాణకట్టలో
నా చేతిలో ఉండేది కత్తే.
టోకెను తీసుకుని, తల తడిపి,
నడినెత్తి నుంచి మొదలుపెడతాను.
నడుం దాటి జారే జడలు,
సవరం కలిపి అల్లిన జడలు,
మొక్కు తీరకముందే నెరిసిన జడలు.
కొందరు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు.
ఒకామె అద్దం ఉందా అని అడిగి
మళ్ళీ వద్దులే అంది.

తెలీక పూలతో వచ్చేవాళ్ళూ ఉంటారు.
"ఈడ పూలన్నీ సామివేనమ్మా,
మనం పెట్టుకోకూడదు" అని చెప్పి
పిన్నులు నేనే తీస్తాను.
దండ చూస్తే దారి చెప్పగలను.
మరువం కలిపి వదులుగా కట్టింటే మదనపల్లె పక్క.
పూలకు ఊపిరాడనంత దగ్గరగా కట్టింటే
వేలూరు అవతల నుంచి.

అట్లాంటి చెయ్యి
ఆ పొద్దు జాజి ముందు ఆగిపోయింది.
కొండమీద ఎవరైనా
తమంతట తామే తల వంచుతారు.
ఇది నన్ను అడగలేదు కదా.
కత్తెర పట్టుకుని సబ్బునీళ్ళలో నిలబడే ఉన్నాను,
లోపల కుక్కరు మూడు కూతలేసేదాకా.

మొదటి కొమ్మకు కళ్ళు మూసుకున్నాను.
రెండోదానికి చెయ్యి
తన లెక్కలో తాను పోయింది.
తీగ పట్టుకున్న గుర్తులు మాత్రం
గోడమీద దువ్వెన పళ్ళలా మిగిలినాయి.
మునిలక్ష్మి పైనుంచి తొంగిచూసి
"ఏమక్కా, దీనికీ గుండు కొట్టేసినావా?" అంది.
అలవాటు కొద్దీ గంధానికి చెయ్యి చాపి,
నవ్వుకుని,
కోసిన చోటల్లా పేడ మెత్తినాను.

నెల పోయింది. ఇంకో పది రోజులు.
గుండు చేయించుకున్న పిల్లోడు
మాటిమాటికీ నెత్తి తడుముకున్నట్టు
పొద్దున్నే మోడును తడిమేదాన్ని.
మాఘం చివర ఒక పొద్దు
వేలికి గరుగ్గా తగిలింది.
ఆ రోజు బస్సు తప్పిపోయింది నాకు.

ఇప్పుడు వైశాఖం.
మధ్యాహ్నం డ్యూటీకి పోయేముందు
మొగ్గలు కోసి దారానికి కట్టి
తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన పెడతాను.
అవి విచ్చుకునే వేళకు
నేను ఎవరి తలో తడుపుతూ ఉంటాను.
నా జడ బోసిగా,
చేతులకు డెట్టాలు వాసన.

రాత్రి పదకొండుకు తలుపు తీస్తే
చీకట్లోనే తెలిసిపోతుంది ఎన్ని విచ్చినాయో.
లైటు వెయ్యను.
మూర కొలవను.
ఉన్నదంతా జడలో తురుముకుని
తర్వాతే అన్నం పెట్టుకుంటాను,
పేరంటానికొచ్చినదానిలా,
ఒక్కదాన్నే.

తెల్లారి దిండు మీద రాలినవి ఏరి
జాజి మొదట్లోనే వేస్తాను.

నిన్న మునిలక్ష్మి ఒక కొమ్మ అడిగింది.
ఇచ్చినాను, ఏ కొస మట్టిలో పెట్టాలో చూపించి.
పుష్యంలో మాత్రం
నన్ను పిలవొద్దన్నాను.
నీది నువ్వే కొయ్యాల.