ఆఁ

బ్రాడ్‌ఫర్డ్‌లో మూడో అంతస్తు, ఏడో నంబరు గది.
కిటికీ అవతల పాత ఉన్ని మిల్లు పొగగొట్టం.
పొగ మానేసి ఎన్నాళ్ళయిందో,
ఇంకా నిలబడే ఉంది,
ఎవరూ కూర్చోమనలేదు కనక.

నన్ను మాత్రం కూర్చోమన్నారు.
పంతొమ్మిదేళ్ళు ఈ గదుల్లో
అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసినదాన్ని.
ఈ ఏడాది నుంచి ఆ మోత
బల్ల మీద సబ్బుబిళ్ళంత నల్ల పెట్టెది.
నేను పక్కనుండాలి, అంతే.
ఘోరమైన తప్పయితేనే చెయ్యెత్తాలట.
ఎంత తప్పయితే ఘోరమో
కాగితంలో రాయలేదు.

కొడమంచిలి పరంజ్యోతి, ముప్పై నాలుగేళ్ళు.
షిప్లీలో ముసలివాళ్ళ కేర్ హోమ్, రాత్రి డ్యూటీ.
యజమాని లైసెన్సు ఊడింది.
గుండీతో పాటు చొక్కా గుడ్డా ఊడొచ్చినట్టు
దాంతో ఈమె వీసా.
అరవై రోజుల్లో ఇంకో యజమాని దొరకాలి.
నలభై ఒక్క గుమ్మాలెక్కింది.
ఐదేళ్ళ దారని బయల్దేరితే
నడుస్తుండగానే అది పదేళ్ళయి కూర్చుంది.

"ఈ దేశం ఎందుకొచ్చారు?"
"పొట్ట చేత్తో పట్టుకుని వచ్చానండి."
పెట్టె ఒక్క క్షణం ఆగి
చక్కటి ఇంగ్లీషులో చెప్పింది,
ఈవిడ కడుపునొప్పితో వచ్చారని.
ఆయన రాసుకున్నాడు,
జబ్బుల గడిలో.

చెయ్యెత్తాను.
దిద్దుకున్నారు, మర్యాదగానే.
ఎత్తినప్పుడల్లా ఎక్కడో నా పేరు పక్కన ఒక గీత పడుతుంది.

తర్వాత ఆమె ఉత్తరం తీశారు.
ఫోన్నడిగి రాయించుకుంది, ఈ రోజుల్లో అందరిలాగే.
వృద్ధుల సేవే నా జీవిత పరమార్థం అని మొదలవుతుంది.
పొద్దుట్నించి అలా మొదలైనది ఇది ఆరోదట.
ఆరుగురూ ఒకే గొంతుతో బతిమాలారు,
ఇస్త్రీ గొంతు, ఎక్కడా మడత నలగనిది.
"ఇవి మీ మాటలేనా?"
ఆమె మాటలు నేను వరండాలో విన్నాను.
"మార్గరెట్టమ్మ నా చెయ్యి పట్టుకుంటే గానీ మాత్ర మింగదక్కా.
రాత్రి ఎవరి చెయ్యి పట్టుకుందో."
ఉత్తరంలో ఆ చెయ్యి లేదు.

ఒకటి ఒప్పుకోవాలి.
లాక్‌డౌన్‌లో పనుల్లేనప్పుడు
వాక్యానికి నాలుగు పెన్నీల చొప్పున
తెలుగు దిద్దించాను, ఈ పెట్టెకో, దీని అక్కకో.
వాన వెలిసింది, రంగు వెలిసింది,
కొండ మీద దేవుడు వెలిశాడు,
మూడూ వేరే వేరే అని
పలక మీద చెయ్యిపట్టి రాయించినట్టు నేర్పాను.
పొట్ట చేత పట్టుకోవడం అప్పుడెందుకు తట్టలేదో.
నేనూ అలా వచ్చినదాన్నే,
పొట్ట నిండాక మర్చిపోయానేమో.
పాముకి పాలు పోశానని మాత్రం అనను.
పాముకి కనీసం తన కోర సంగతి తెలుసు.

చివరి ప్రశ్న.
అనుమతి రాకపోతే దేశం విడిచి వెళ్ళాలని
మీకు అర్థమైందా?
పెట్టె తెలుగులోనే అడిగింది,
వార్తలు చదివే అమ్మాయి గొంతు,
ఒక్క ఒత్తు తప్పలేదు.
పరంజ్యోతి అంది,
"ఆఁ."

వినపడక మళ్ళీ చెప్పమనే ఆఁ.
పక్కగదిలోంచి పిలిస్తే, వస్తున్నా అనే ఆఁ.
ఆఁ, మనదాకా వస్తుందా అనే ఆఁ.
పళ్ళ డాక్టరు అనమంటే అనే ఆఁ.
పిడుగు పడ్డాక నోరు మూసుకోవడం మర్చిపోయిన ఆఁ.

పెట్టె చెప్పింది, అవును అని.
తెర మీద ఆకుపచ్చ టిక్కు.

నా ఒప్పందం నెలాఖరుదాకా.
నిఘంటువు తెరిచినా పెట్టెదే గెలుపు.
చెయ్యి ఒళ్ళోనే ఉంది.
దానికేసి చూశాను,
ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువుని చూసినట్టు.

బయట వాన వెలవలేదు.
బస్టాపులో తన గొడుగు నా చేతికిచ్చి
సంచీలో కార్డు వెతుక్కుంటూ అడిగింది,
"అక్కా, ఆఖర్న నేనేమన్నానని రాసుకున్నారు?"

షిప్లీ బస్సు మలుపు తిరుగుతోంది.
దాని చప్పుడు పెద్దదేం కాదు.

"ఆఁ?" అన్నాను.