అడుగున గీతలు

షోగున్‌ని మేం చూడలేదు.
తూర్పున ఎక్కడో, కామకురాలో ఉంటాడని
ఉప్పు మోసుకొచ్చే మనిషి చెప్పాడు.
మా ఊరు ఒక షోయెన్, మఠం సొత్తు.
ఆ మఠాన్నీ చూడలేదు.
మాకు తెలిసింది జితో.
ఆయన గుర్రం, దాని కడుపులో మా గడ్డి,
కోతల నెలలో ఆయన గుమ్మం ముందు కొలపెట్టె.

ఆ పెట్టెలు మా అయ్య యజిరో చేసేవాడు.
హినోకి పలకలు. మేకన్నది లేదు,
పళ్ళలో పళ్ళు దూరి పట్టుకునేవి.

ఒక మంచుకాలం జితో మనిషి వచ్చాడు.
"తీసుకునేందుకు ఒకటి, అప్పిచ్చేందుకు ఒకటి.
మొదటిదాన్ని లోపల పలచగా చెక్కు.
బయటికి రెండూ కవలల్లా ఉండాలి."

అయ్య తలూపాడు.
అమ్మ తొరామె ఆ రాత్రి ఆయనకి గంజి పొయ్యలేదు.
"చేతికైనా సిగ్గుండాలి" అంది.
ఆయన ఉలి నూరుకుంటూ కూర్చున్నాడు.

ఆరేళ్ళు కొలిచారు దాంతో.
మా వడ్లు, ఒసామె వాళ్ళ వడ్లు,
మొగుడు పోయిన ఇనుమె
విత్తనానికి దాచుకున్నవి కూడా.
నింపేటప్పుడు అందరి చూపూ పైన గీసే కర్ర మీద.
వంచేటప్పుడు కళ్ళన్నీ గింజల వెంట పోతాయి.

నడవ ఊడ్చడానికి పిలిస్తే వెళ్ళాను, పదేళ్ళదాన్ని.
ఖాళీ పెట్టె తిరగేశాను.
అడుగున ఉలిమొనతో గీతలు:
పది నిలువుగా, దగ్గర దగ్గరగా.
కాస్త ఎడంగా ఇంకో రెండు.
అక్షరం రాని మనిషి
అంతకంటే ఏం రాస్తాడు?

ఊరిపెద్ద సకోన్ అర్జీ రాశాడు,
వచ్చిన నాలుగు కానా అక్షరాల్లో, వంకరటింకరగా.
మఠం వాళ్ళు దానికి తమ గోడు కూడా జోడించి
కామకురాకి పంపారు.
తొమ్మిదేళ్ళు.
తీర్పు వచ్చేసరికి అయ్య లేడు.
జితో లేడు, కొడుకు జితో అయ్యాడు.

షోయెన్‌ని రెండుగా చీల్చమన్నారు.
వాగుకి అవతల మఠానిది, ఇవతల జితోది.
పెట్టె ఊసే లేదు.
మా ఇల్లు ఇవతల.

ఇప్పుడు నేను రేవులో ఎండుచేపలమ్ముతాను.
ఎవరు ఏ కొలత తెచ్చినా
ముందు బోర్లించి చూస్తాను.
పిల్లలు నవ్వుతారు.
అడుగున ఏమీ ఉండదు.
అయినా
ఓసారి వేలితో తడుముతాను.