చురుకు గుడ్డ

పన్నెండు ల్యాంపుషేడ్లు కావాల, అన్నిట్లో చిలకలే ఉండాలని
హాలెండు నుంచి వొచ్చినాదామె, హన్నెకె.
నిమ్మలకుంటలో మా వసారాలో
ఆరేసిన మేకతోళ్ల వాసన మధ్య
చాప మీద కూచునింది,
కాళ్లు యాడ పెట్టుకోవాల్నో తెలీక.

మా అత్త తుల్జమ్మ చిన్న ఉలితో తోలుకు చుక్కలు కొడతా
తనకు తెలీకుండానే పాడతాండాది:
యుద్ధంలో పడిపోయిన తమ్ముని మీద అన్న ఏడుపు.
హన్నెకె పెన్ను ఆపింది.
ఇట్లా ఏడిపించే పాటకు మా భాషలో ఒక మాటుందనింది.
స్మార్ట్‌లాప్.

ధర్మవరం నుంచి తోలుకొచ్చిన పీరాకు
ఇంగ్లీషు ఆటోనే నేర్పింది.
"స్మార్టంటే చురుకు గదా మేడం?"
కాదంట. వాళ్లకు స్మార్టంటే నొప్పి.
లాపంటే గుడ్డపీలిక.
అత్త తలెత్తకుండానే అనింది:
"మనకూ అంతే గదరా.
పిల్లోడు చురుకంటాం,
నిప్పురవ్వ పడితే చురుక్కుమనిందంటాం.
మాట ఒగటే, తగిలే చోటు వేరే."

మరి గుడ్డ యాడనుంచి వచ్చిందని నేనడిగినా.
ఆమెకూ సరిగ్గా తెలీదు.
సంతలో బొమ్మలు గీసిన గుడ్డ కట్టి
కట్టెతో ఒక్కో బొమ్మే చూపిస్తా
హత్యలూ మునిగిన పడవలూ పాడేవాళ్లు,
ఆ గుడ్డే ఇదని వాళ్లవ్వ.
కాదు, వినేవాళ్లు కండ్లు తుడుచుకునే గుడ్డని వాళ్ల నాయన.
ఇద్దరికీ ఎప్పుడూ తెగలేదంట.

అత్త ఉలి పక్కన పెట్టి లేసింది.
రేకుపెట్టె అడుగు నుంచి తెర తీసింది.
జోడించి కుట్టిన రెండు పంచెలు,
ఒక మూల దీపం కాల్చిన బొక్క.

మామ పోయి నెల తిరగలేదు.
కదిరి తట్టు ఒక పల్లెలో వానల కోసం ఆట ఒప్పుకోనుండాం.
అడ్వాన్సు అప్పుడే తినేసినాం.
అన్న బొమ్మ నా చేతిలో, పాట అత్త గొంతులో.
"తమ్ముడా" అనే చోట
పాట ఆగలేదు గానీ
తెర అంచు ఎత్తి మొగం తుడుచుకునింది.
ముందర కూచున్నోళ్లకు
ఆకాశం ముడతలు పడింది,
సముద్రం ఒక పక్కకు ఒరిగింది,
అన్న నిలువునా వణికినాడు.
ఎవురో ఈల కూడా వేసినారు.
ఇంత బాగా ఏ ఏడూ ఆడలేదని
పొద్దున్నే పావు మూట శెనక్కాయలు ఎక్కువిచ్చినారు.

హన్నెకె వేళ్లతో ముట్టుకోని చూసింది.
దీనికి మీ మాటేందని అడిగింది.
తెర, అన్నా నేను.
చురుకు గుడ్డ, అన్నాడు పీరా నవ్వుతా.
అత్త ఏమీ అనలేదు.

ఎంతకిస్తారో కనుక్కోమని వాని చెవిలో చెప్పింది.
వాడు అడిగినాడు.
"అమ్మాలంటే ముందు ఉతకాల గదరా"
అనింది అత్త, మడత పెడతా.
"ఇంకా ఉతకలేదు."